గాయపడిన పనివాని హక్కు

మొదటి ఖుత్బా

సృష్టికర్త, పోషకుడు, తీర్పుదినానికి యజమాని అయిన అల్లాహ్‌కు స్తోత్రములు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా! షాబాన్ నెల నడుస్తున్నది. కొద్ది రోజుల్లో రమజాన్ నెలవంక కానవస్తుంది. దుకాణాలు ఉన్నవారు, వర్క్‌షాపులు నడిపేవారు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు జకాత్ లెక్కలు చూసుకునే వేళ ఇది. బంగారం ఎంత, సరుకు ఎంత, బ్యాంకులో నిల్వ ఎంత అని లెక్క వేస్తారు. ఆ పుస్తకాన్ని తెరిచే ముందు మరొక పుస్తకాన్ని తెరవవలసి ఉన్నది. అది బాకీల పుస్తకం. మన చేతిలో ఉన్న సొమ్ములో పరుల హక్కు ఎంత కలిసి ఉన్నదో తేలకుండా మన సంపద ఎంతో తేలదు. ఆ బాకీలలో మనం సాధారణంగా రాసుకోని బాకీ ఒకటి ఉన్నది. మన దగ్గర పని చేస్తూ గాయపడిన మనిషికి మనం చెల్లించవలసిన పరిహారం అది. నేటి ప్రసంగం దానిని గురించే.

ఒక సంగతి చెబుతాను. ఇందులో ఉన్న ఇద్దరూ ఈ ఊరివారు కారు. వారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. గత రమజాన్‌లో నేను మరొక పట్టణంలో ఇమాముగా ఉన్నాను. అక్కడ ఇనుప రేకులతో బీరువా విడిభాగాలు తయారు చేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. పనివారు ఆరుగురు. యజమాని నమాజీ, చేతనైనంత దానధర్మాలు చేసేవాడు. ఆ వర్క్‌షాపులో ప్రెస్సు మీద పని చేస్తున్న పాతికేళ్ల యువకుని కుడిచేతి రెండు వేళ్లు, చూపుడువేలు, నడిమివేలు, మొదలంటా తెగిపోయాయి. పని నెమ్మదిస్తున్నదని యంత్రానికి ఉండవలసిన రక్షణ కవచాన్ని అంతకు కొన్ని నెలల ముందే యజమాని తీయించివేశాడు. ప్రమాదం జరిగిన రోజున ఆసుపత్రికి తానే తీసుకువెళ్లాడు, ఖర్చు భరించాడు. రెండు నెలల తర్వాత, రమజాన్ చివరి దశకంలో, ఆ యువకుని పిలిపించి పదివేల రూపాయల కవరు ఇచ్చాడు. తనకు ఇక ఏ విధమైన బాకీ లేదని స్టాంపు కాగితం మీద సంతకం తీసుకున్నాడు. కుడిచేయి కుదరదు గనుక ఎడమచేతి వేలిముద్ర వేశాడతను.

ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది.

సోదరులారా! ఆనాడు నేను అతనికి సహనం బోధించాను. జరిగినది విధివ్రాత అన్నాను. మంచి యజమాని దొరికాడని, ఎంత మంది ఈ మాత్రమైనా ఇస్తారని అన్నాను. అతను తల వంచుకుని, “మీరు చెప్పిన తర్వాత ఇంకేముంది, మౌలానా” అన్నాడు. ఆ మాట అంగీకారమని నేను అనుకున్నాను. మసీదులో, ఇమాము ఎదుట, యజమాని పక్కన కూర్చుని ఉన్న మనిషి మరేమి అనగలడో నాకు అప్పుడు తట్టలేదు. తర్వాత ఆ పదివేలు ఎక్కడివని యజమానిని మాటల మధ్య అడిగాను. ఈ యేటి జకాత్‌లో నుంచి ఇచ్చాను అన్నాడు. అప్పుడు నాకు వెన్ను చల్లబడింది.

ఎందుకో వివరిస్తాను. తౌబా సూరాలో అల్లాహ్ జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించాడు. పేదవాడు అందులో ఉన్నాడు, అప్పులలో మునిగినవాడు ఉన్నాడు. కాని నేను బాకీ ఉన్న మనిషికి ఆ బాకీ కింద నా జకాత్ ఇచ్చి రెండు ఖాతాలూ ఒకేసారి మూసివేయడానికి వీలు లేదు. అలా చేస్తే నా సొమ్మును నేనే కాపాడుకున్నట్లు. జీతం కింద జకాత్ ఇవ్వరాదని మన పండితులు చెప్పినది ఈ కారణం చేతనే. పనివాడు పేదవాడైతే జకాత్ ఇవ్వండి, అభ్యంతరం లేదు. అది అతని కూలికి, అతని పరిహారానికి అదనంగా ఉండాలి. వాటికి బదులుగా కాదు.

ఇక బాకీ ఉన్నదా లేదా అన్నది ప్రశ్న. యజమాని తన చేతితో కొట్టలేదు కదా, యంత్రం కొట్టింది కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. రెండు విధాలుగా సమాధానం చెబుతాను.

మొదటిది మన షరీఅత్ నుండి. శరీరానికి కలిగిన నష్టాన్ని లెక్కకట్టడం ఇస్లాంలో చిన్నతనం కాదు. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాడు, ఉద్దేశం లేకపోయినా, మృతుని కుటుంబానికి రక్తపరిహారం ముట్టజెప్పాలని నిసా సూరాలో ఆదేశం ఉన్నది. ఆ కుటుంబం తనంతట తాను దానంగా వదులుకుంటే అది వారి ఇష్టం. గమనించండి, దానం చేసే హక్కును అల్లాహ్ నష్టపోయినవారి చేతిలో ఉంచాడు. నష్టపరచినవాని చేతిలో ఉంచలేదు. మేము మాత్రం దానిని తలకిందులు చేశాము. చెల్లించవలసినవాడు దాత అయ్యాడు, పుచ్చుకోవలసినవాడు యాచకుడు అయ్యాడు.

వేళ్ల విషయమే చూడండి. దైవప్రవక్త (స) ఒక్కొక్క వేలికి పది ఒంటెల పరిహారాన్ని నిర్ణయించారు. బొటనవేలూ చిటికెనవేలూ ఇందులో సమానమే అని స్పష్టం చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఈ విషయంలో మొదట తన ఆలోచనతో తీర్పు ఇచ్చేవారని, బొటనవేలికి ఎక్కువ, చిటికెనవేలికి తక్కువ అని వ్యత్యాసం పాటించేవారని ఇమాం షాఫిఈ గారు నమోదు చేశారు. అమ్ర్ బిన్ హజ్మ్ కుటుంబం దగ్గర ఉన్న ప్రవక్త (స) లేఖ బయటపడిన తర్వాత ఆ వ్యత్యాసం తొలగిపోయింది. ఖలీఫాలూ న్యాయమూర్తులూ ఒక చిటికెనవేలి విలువ గురించి అంత శ్రద్ధగా వెదికారు. మేము ఒక యువకుని రెండు వేళ్ల గురించి వెదకలేదు.

ఇది నేరుగా యంత్ర ప్రమాదానికి వర్తిస్తుందా, యజమాని బాధ్యత ఎంత వరకు అన్న చర్చ ఫిఖ్హ్ పండితులలో ఉండవచ్చు. కవచాన్ని తీయించినవాని బాధ్యత, తీయించనివాని బాధ్యత ఒకటి కాదు. ఆ చర్చను నేను తక్కువ చేయను. అయితే రెండవ సమాధానం ఆ చర్చకు అతీతమైనది. మనం ఒక మనిషిని పనిలో పెట్టుకున్నప్పుడు ఒక ఒప్పందం చేసుకుంటున్నాము. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి వాక్యంలోనే విశ్వాసులకు ఆదేశం ఉన్నది. ముస్లిములు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉంటారని ప్రవక్త (స) బోధించారు. ఈ దేశంలో పనివానిని నియమించుకున్నప్పుడు ఈ దేశపు కార్మిక చట్టం ఆ ఒప్పందంలో భాగమై ఉన్నది. అది హలాలును హరామ్ చేసే చట్టం కాదు, హరామును హలాల్ చేసే చట్టమూ కాదు. బలహీనుని హక్కును కాపాడే షరతు అది. లైసెన్సు తీసుకున్నప్పుడు, బోర్డు కట్టుకున్నప్పుడు, కరెంటు కనెక్షను తీసుకున్నప్పుడు ఆ చట్టాన్ని ఒప్పుకున్నాము. చెల్లించవలసిన రోజు వచ్చేసరికి అది దునియా చట్టం అనడం సబబు కాదు.

ఆ చట్టం ఏమి చెబుతున్నదో తెలుసుకుందాము. 1923లోనే ఈ దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. నూరేళ్లు దాటింది, మనలో చాలా మందికి ఇంకా తెలియదు. 2020లో పార్లమెంటు దానిని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి, మూలసూత్రం మారలేదు. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగి శరీరానికి గాయమైతే యజమాని పరిహారం చెల్లించాలి. యజమాని తప్పు ఉన్నదని పనివాడు నిరూపించనవసరం లేదు. పనివాడు కాస్త ఏమరుపాటుగా ఉన్నాడన్నంత మాత్రాన హక్కు పోదు. తాగి పని చేయడం, తెలిసి తెలిసి భద్రతా నియమాన్ని ధిక్కరించడం, రక్షణ కవచాన్ని కావాలని తానే తీసివేయడం వంటివి వేరు. ఆ కారణాలు సైతం మరణం గాని, పూర్తి శాశ్వత వైకల్యం గాని సంభవించినప్పుడు యజమానిని విముక్తుని చేయవు. కొత్త కోడ్‌లో మరొక మాట చేరింది. ఇంటి నుండి పనికి, పని నుండి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం ఉన్నదని తేలితే, పనిలో జరిగినట్లే లెక్కిస్తారు.

లెక్క ఎలా కడతారు? పనివాడు మరణిస్తే నెల జీతంలో సగాన్ని, పూర్తిగా శాశ్వత వైకల్యం కలిగితే నెల జీతంలో నూటికి అరవై వంతులను అతని వయస్సుకు నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. చిన్న వయస్సుకు గుణకం పెద్దది, ఎందుకంటే అతను కోల్పోయిన సంపాదన సంవత్సరాలు ఎక్కువ. ఒక అవయవం పోతే ఆ మొత్తంలో ఇంత శాతం అని పట్టిక ఉన్నది. బొటనవేలికి 30 శాతం. ఒక చేతి రెండు వేళ్లకు 20 శాతం.

నేను సాక్షి సంతకం చేసిన వ్యవహారానికి ఈ లెక్క కట్టి చూశాను. ప్రమాదం కొత్త కోడ్‌కు ముందే జరిగింది గనుక పాత చట్టమే వర్తిస్తుంది. అతని జీతం 12,000 రూపాయలు. అందులో అరవై వంతులు 7,200. ఇరవై అయిదేళ్ల వయస్సుకు గుణకం 216.91. హెచ్చిస్తే 15,61,752 రూపాయలు. అందులో ఇరవై శాతం 3,12,350. వైద్య ఖర్చులు దీనిలో కలవవు, అవి వేరుగా యజమానే భరించాలి. గాయం మానే వరకు పనికి రాలేని రోజులకు జీతంలో కొంత భాగం కూడా చెల్లించాలి.

మూడు లక్షల పన్నెండు వేల బాకీకి పదివేలు ఇచ్చి, ఆ పదివేలు కూడా జకాత్ ఖాతాలో రాసుకుని, ఇమాము చేత సాక్ష్యం పెట్టించుకున్నాము.

ఇక ఆ స్టాంపు కాగితం సంగతి. అటువంటి కాగితానికి చట్టంలో విలువ లేదు. పరిహారం హక్కును వదులుకుంటున్నానని పనివాడు రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. ఇరువురూ రాజీపడి ఒక మొత్తానికి ఒప్పుకుంటే దానిని కార్మిక శాఖ అధికారి ముందు నమోదు చేయాలి. ఆ మొత్తం మరీ తక్కువని తోచినా, మోసం, ఒత్తిడి ఉన్నాయని తోచినా నమోదుకు ఆయన నిరాకరించవచ్చు. మరణం సంభవించినప్పుడు నిబంధన మరింత గట్టిది. పరిహారాన్ని యజమాని కుటుంబం చేతికి నేరుగా ఇస్తే అది పరిహారం కింద లెక్కకు రాదు. అధికారి దగ్గర జమ చేయాలి, ఆయన వారసులకు పంచుతాడు. దీనిని చదివినప్పుడు నాకు బఖరా సూరాలోని అప్పు పత్రం ఆదేశం గుర్తుకు వచ్చింది. అప్పు పత్రంలోని మాటలను బాకీ ఉన్నవాడు చెప్పి రాయించాలని, అందులో ఏమీ తగ్గించరాదని, రాసేవాడు న్యాయంగా రాయాలని అల్లాహ్ అక్కడ ఆజ్ఞాపించాడు. తాను ఎంత ఇవ్వాలో తన నోటితో ఒప్పుకుని రాయించవలసినవాడు యజమాని. మేము పనివాని చేత ఏమీ రానవసరం లేదని రాయించాము. రాసినవాడు న్యాయంగా రాయలేదు, సాక్షి న్యాయంగా నిలబడలేదు.

సోదరులారా! మన జిల్లాల నుండి ఎందరో సౌదీ, కువైట్, దుబాయి వెళ్లి పని చేస్తున్నారు. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, కడప, రాయచోటి ప్రాంతాల వారికి ఇది చెప్పనక్కరలేదు. అక్కడ కఫీలు జీతం ఎగవేశాడని, గాయపడితే టిక్కెట్టు కొని పంపివేశాడని మనం ఎంత బాధపడతాము! ఆ బాధ నిజమైనదే. కాని అక్కడ పదేళ్లు కష్టపడి తిరిగి వచ్చి, ఆ సొమ్ముతో ఇక్కడ దుకాణం పెట్టి, తన దగ్గర పని చేసే పిల్లవాని పట్ల అదే కఫీలుగా మారిన వారిని నేను చూశాను. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తుంది.

గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మీకు తెలుసు. బండరాయి ద్వారాన్ని మూసివేసినప్పుడు ఒక్కొక్కరూ తమ జీవితంలోని ఒక సత్కార్యాన్ని అల్లాహ్ ముందు ఉంచి వేడుకున్నారు. మూడవవాడు ఒక యజమాని. అతని దగ్గర కూలి చేసిన మనిషి కొద్దిపాటి ధాన్యం కూలిని వదిలి వెళ్లిపోయాడు. యజమాని దానిని తినివేయలేదు. విత్తాడు, పెంచాడు, పశువులు కొన్నాడు. ఏళ్ల తర్వాత కూలివాడు తిరిగి వచ్చి తన హక్కును అడిగితే, ఆ మందనూ కాపరినీ చూపించి తీసుకువెళ్లమన్నాడు. తనను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు ఆ పేదవాడు. కాదని తెలిసి అన్నీ తోలుకుని పోయాడు. బండరాయి కదిలింది. ఆ గుహలో ఆ వ్యక్తి తాను చేసిన దానాలను చెప్పుకోలేదు. ఒక కూలివాని బాకీ తీర్చిన సంగతి చెప్పుకున్నాడు.

కూలివాని చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన స్వయంగా తానే ప్రత్యర్థినని అల్లాహ్ ప్రకటించినట్లు ప్రవక్త (స) తెలియజేశారు. ఆ న్యాయస్థానంలో ప్రత్యర్థి ఆయన, న్యాయమూర్తీ ఆయనే. అక్కడ స్టాంపు కాగితం చూపలేము.

అల్లాహ్ నన్నూ మిమ్మల్నీ క్షమించుగాక.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రములు, ఆయన ప్రవక్త (స) పై శాంతి శుభాలు కలుగుగాక.

సోదరులారా! ఆ వ్యవహారం ఏమైనదని మీరు అడగవచ్చు. లెక్క కట్టిన తర్వాత నేను ఆ పట్టణానికి వెళ్లాను. మొదట ఆ యువకుని ఇంటికి వెళ్లి, నేను ఇచ్చిన సలహా తప్పని, నా సాక్ష్యాన్ని వెనక్కు తీసుకుంటున్నానని, క్షమించమని అడిగాను. అతని తల్లి చాయ్ ఇచ్చింది, ఏమీ అనలేదు. అతను ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. తర్వాత యజమాని దగ్గరకు వెళ్లాను. ఆయన కోపగించుకున్నాడు. మూడు లక్షలంటే తన వర్క్‌షాపు రెండు నెలల పాటు మూసుకోవాలన్నాడు. అది అబద్ధం కాదు. చిన్న యజమానికి అది పెద్ద భారమే. వారం తర్వాత ఆయనే ఫోను చేశాడు. కార్మిక శాఖ కార్యాలయంలో ఒప్పందం నమోదు చేయించడానికి ఒప్పుకున్నాడు. యంత్రానికి కవచం బిగించాడు. మొదటి విడత చెల్లింపు ఇంకా జరగవలసి ఉన్నది. ఆ నమోదు పూర్తయ్యే దాకా ఆ వ్యవహారం ముగిసిందని నేను అనను.

ఈ భారం ఒక్కసారిగా మీద పడకుండా ఉండడానికి మార్గాలు ఉన్నాయి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనివారు ఉన్న సంస్థ ఈఎస్ఐలో చేరాలి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్న పనివారికి అది వర్తిస్తుంది. యజమాని వంతు 3.25 శాతం, పనివాని వంతు 0.75 శాతం. ఈఎస్ఐ కార్డు ఉన్నవానికి చికిత్స, వైకల్య భృతి అక్కడి నుండే అందుతాయి. పనివాని జీతంలో నుండి ఆ వంతు కోసి ఈఎస్ఐకి కట్టకుండా వాడుకుంటే అది అమానతులో ద్రోహం, మరొక మాట లేదు. పదిమంది కన్నా తక్కువ ఉన్నవారికి కార్మిక పరిహార బీమా పాలసీలు ఉన్నాయి. బీమా ధర్మసమ్మతమా కాదా అని అడుగుతారు. పండితులలో ఆ విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, మీరు నమ్మే పండితుని అడగండి. వద్దనుకుంటే ప్రతి నెలా అంత సొమ్మును విడిగా దాచి ఉంచండి. బీమా హరామ్ అని పాలసీ తీసుకోకుండా, సొమ్మూ దాచకుండా, పనివాడు పడిపోయిన రోజున చేతులు ఎత్తివేసేవాని తఖ్వా నాకు అర్థం కాదు.

భవన నిర్మాణ పనులలో ఉన్న సోదరులు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. 18 నుండి 60 ఏళ్ల లోపు వయస్సు, గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజుల పని ఉంటే చాలు. బోర్డు ఇచ్చే సహాయం వచ్చింది గనుక కాంట్రాక్టరు బాధ్యత తీరిపోయిందని ఎవరైనా అంటే నమ్మవద్దు. కాంట్రాక్టరు ద్వారా తన వ్యాపారం పని చేయించుకునే అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. తర్వాత కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవడం ఆయన పని.

దుకాణాల విషయం. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉన్నది. ఆరు నెలలకు మించి పని చేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు లేకుండా తీసివేయరాదు. గాయపడి వచ్చాడు, ఇక పనికిరాడు అని రేపటి నుండి రావద్దనడం అన్నిటికన్నా సులువైన పని, అన్నిటికన్నా నీచమైన పని. ప్రవక్త (స) పనివారిని మన సోదరులన్నారు. శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే చేయి అందించమని ఆదేశించారు. రెండు వేళ్లు లేని మనిషి సరుకు లెక్క చూడగలడు, తాళాలు చూసుకోగలడు. అతనికి తగిన పని వెదకండి.

మెకానిక్ షెడ్లలో చిన్న పిల్లలను పెట్టుకునేవారికి ఒక్క మాట. పద్నాలుగేళ్ల లోపు పిల్లవానిని పనిలో పెట్టడం నేరం. పద్దెనిమిది నిండని వానిని ప్రమాదకరమైన పనిలో పెట్టడం కూడా నేరమే. పని నేర్పుతున్నాను అనేది సాకు.

పనివారైన సోదరులారా, మీరూ వినండి. మీ చేతిలోని యంత్రం, సరుకు అమానతు. లేని గాయాన్ని చూపించి, పాత గాయాన్ని కొత్తదిగా చెప్పి, జీతాన్ని ఎక్కువగా రాయించి పరిహారం పొందడం హరామ్. వాక్చాతుర్యంతో తన ముందు గెలిచి సోదరుని హక్కును పొందినవాడు నిప్పుకణికను పట్టుకుపోతున్నాడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హెచ్చరిక యజమాని వకీలుకు ఎంతో మీకూ అంతే. అయితే నిజమైన హక్కును అడగడం అత్యాశ కాదు, సహనానికి విరుద్ధమూ కాదు. కూలివాడు తన హక్కును అడిగాడని గుహలోని ఆ యజమాని కోపగించుకోలేదు.

ప్రమాదం జరిగితే ఏమి చేయాలో గుర్తుంచుకోండి. ఆసుపత్రిలో గాయం ఎక్కడ, ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్లు రాయించండి. మెట్ల మీద జారిపడ్డానని చెప్పమంటారు, చెప్పవద్దు. ఆ చీటీ నకలు దాచుకోండి. జీతం ముట్టినట్లు తెలిపే కాగితం, బ్యాంకు ఖాతా, ఫోనులో సందేశం ఏది ఉన్నా దాచుకోండి. యజమానికి వెంటనే వ్రాతపూర్వకంగా తెలపండి. పరిహారం దరఖాస్తుకు రెండేళ్ల గడువు ఉన్నది. గడువు దాటినా తగిన కారణం చూపితే అధికారి స్వీకరించవచ్చు, కాని అంతవరకు ఆగవద్దు. బాకీ పడిన నెల లోపల చెల్లించకపోతే నూటికి ఏడాదికి పన్నెండు చొప్పున వడ్డీ, ఆపైన పరిహారంలో సగం దాకా జరిమానా విధించవచ్చు. వడ్డీ పుచ్చుకోవచ్చునా అన్న సందేహం ఉన్నవారు పండితులను అడగండి. అసలు పరిహారం విషయంలో సందేహం లేదు. వకీలు ఖర్చుకు భయపడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. స్త్రీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు అక్కడ ఉచితంగా వకీలును నియమిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

చివరగా మన మసీదు కమిటీ పెద్దలకు. గత ఏడాది మినారుకు రంగులు వేసిన మనిషి తాడు కూడా లేకుండా సారువా మీద నిలబడ్డాడు. అతను మన మతస్థుడు కాడు. అల్లాహ్ దయ వల్ల క్షేమంగా దిగాడు. నేను కింద నిలబడి చూస్తూ ఏమీ అనలేదు, అది నా తప్పు. ఈ రమజాన్‌కు ముందు మళ్లీ సున్నం వేయిస్తారని విన్నాను. బెల్టు, తాడు, కింద ఒక మనిషి లేకుండా ఎవరినీ పైకి ఎక్కించవద్దని ఈ మింబర్ మీద నుండి మనవి చేస్తున్నాను. మన ముఅజ్జిన్ గారి జీతం రెండు నెలలుగా నిలిచి ఉన్నదన్న సంగతి కూడా, వారు అడగకపోయినా, మీకు తెలియజేస్తున్నాను.

ఓ అల్లాహ్! మా సంపదలలో కలిసిపోయిన పరుల హక్కును మాకు చూపించు. చూసిన తర్వాత దానిని వేరు చేసి ఇచ్చే శక్తిని ప్రసాదించు. యంత్రాల దగ్గర, గోడల మీద, బావులలో, లారీల మీద, సముద్రాల ఆవల పని చేస్తున్న మా బిడ్డలను, మా ఇరుగుపొరుగువారి బిడ్డలను కాపాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్న ఆ యువకునికి స్వస్థత, గౌరవప్రదమైన ఉపాధి ప్రసాదించు. అతని బాకీ తీర్చడానికి ఒప్పుకున్న యజమాని మనస్సును దృఢపరచు, అతని ఉపాధిలో శుభం కలిగించు. తప్పుడు సాక్ష్యం పెట్టిన ఈ నీ దాసుని క్షమించు. ఆమీన్.

నమాజుకు నిలబడండి. వరుసలు సరిచేసుకోండి.